రన్నింగ్ సరే, బీమ్ సంగతేటి?

తెల్లారి నాలుగున్నరకి శ్రీకాకుళం, విజయనగరం చుట్టుపక్కల ఏ రోడ్డు మీదకెళ్లినా కుర్రాళ్లు పరిగెడుతూ కనిపిస్తారు. కొందరు ఆర్మీకి, కొందరు కానిస్టేబుల్‌కి. నేనూ అలా పరిగెట్టినోడినే. ఈ ఎపిసోడ్ వాళ్ల కోసం.

ముందు నా సంగతి చెప్తాను. నాకు రన్నింగ్ అంటే ప్రాణం. 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లోపు కొట్టేసేవాణ్ణి. "వీడికి ఉద్యోగం వచ్చేసినట్టే" అనేవారు ఊళ్లో. దాంతో పొద్దున్నా సాయంత్రం అదే పరుగు. బీమ్ దగ్గరికి మాత్రం పోయేవాణ్ణి కాదు. నాలుగు పుల్లప్స్ తీసేసరికి చేతులు వణికేవి, పక్కనోళ్లు నవ్వేవారు. ర్యాలీ రోజు పరుగులో మొదటి గ్రూపులో వచ్చాను. తర్వాత బీమ్ పట్టుకున్నాను. అయిదోది సగంలో ఆగిపోయింది. అంతే, బ్యాగు సర్దుకుని బస్సెక్కాను. కాంప్లెక్స్‌లో దిగేవరకూ అమ్మకి ఏటి చెప్పాలా అనే ఆలోచన.

ఇప్పుడు లెక్క చూడండి. అగ్నివీర్ ర్యాలీలో పరుగు మొదటి గ్రూపులో పూర్తి చేస్తే 60 మార్కులు. పుల్లప్స్ పది తీస్తే 40, ఆరు తీస్తే 16. తొమ్మిది అడుగుల గొయ్యి, జిగ్‌జాగ్ బ్యాలెన్స్‌కి మార్కుల్లేవు గానీ పాస్ అవ్వాల్సిందే. (మీ నోటిఫికేషన్ మీరు చదువుకోండి, రూల్స్ మారుతుంటాయి.) నేను ఆర్నెల్లు చచ్చీచెడీ పరుగులో ఇంకో అయిదు సెకన్లు తగ్గించుకున్నాను. దానికి ఒక్క మార్కు కూడా ఎక్కువ రాదు!

మన ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట కరణం మల్లీశ్వరి గారు 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. ఇది అందరికీ తెలుసు. ఆ రోజు స్కోరు ఎంతమంది చూసుంటారు? వెయిట్‌లిఫ్టింగ్‌లో రెండు లిఫ్టులు. స్నాచ్ అంటే ఒకే ఊపులో నెత్తి మీదకి. క్లీన్ అండ్ జెర్క్ అంటే ముందు భుజాల మీదకి, తర్వాత పైకి. రెండూ కలిపి టోటల్. 69 కిలోల విభాగంలో మల్లీశ్వరి గారు 110, 130. మొత్తం 240. హంగేరీ మార్కుష్ స్నాచ్‌లో 112.5, జెర్క్‌లో అదే 130. చైనా లిన్ వీనింగ్ స్నాచ్‌లో అదే 110, జెర్క్‌లో 132.5. ఇద్దరిదీ 242.5. ఒంటి బరువు తక్కువని స్వర్ణం లిన్‌కిచ్చారు. మల్లీశ్వరి గారు ఆఖరి ప్రయత్నంలో స్వర్ణం కోసం ఏకంగా 137.5 పెట్టించారు. అందలేదు.

చూశారా, ఒకావిడకి రెండున్నర కిలోలు స్నాచ్‌లో వచ్చాయి, ఇంకొకావిడకి జెర్క్‌లో. ఎక్కడొచ్చాయని స్కోర్‌బోర్డు అడగదు. మనకీ అంతే. అయితే బాగా వచ్చినదాంట్లో ఇంకొంచెం పెంచడం చాలా కష్టం. రానిదాంట్లో మొదట్లో త్వరగా పెరుగుతుంది, ఎందుకంటే ఒంటికి ఆ పని కొత్త. (విజయనగరం వాళ్లు అలగొద్దు, మీ కొండవెలగాడ మత్స సంతోషి గారి మీద వేరే ఎపిసోడ్ ఉంది.)

ఆ ర్యాలీ తర్వాత నేను పరుగు వారానికి నాలుగు రోజులకి తగ్గించాను. ఒకరోజు 400 మీటర్లు స్పీడుగా, మధ్యలో రెస్ట్ ఇస్తూ. ఒకరోజు దూరం, మాటాడుకుంటూ వెళ్లేంత నెమ్మదిగా. మిగతా రెండు రోజులు తేలిగ్గా, అందులో ఒకటి కళింగపట్నం ఇసకలో. టైమింగ్ ఏమీ పడిపోలేదు. పైగా రోజూ తారు రోడ్డు మీద పరిగెట్టి తెచ్చుకున్న ముంగాలి ఎముక నొప్పి తగ్గింది.

బీమ్ వారానికి మూడు రోజులు. మొదట ఊరికే వేలాడ్డం, ఇరవై సెకన్లు. తర్వాత స్టూలెక్కి గెడ్డం బీమ్ పైన పెట్టి, అయిదు లెక్కపెడుతూ మెల్లగా కిందకి దిగడం. పైకి లాగే బలం లేనోడు కూడా ఇది చెయ్యగలడు, కండ అక్కడే తయారవుతుంది. రోజూ చేతులు పడిపోయేదాకా లాగకండి, మధ్యలో ఒకరోజు వదలాలి. బ్యాలెన్స్‌కైతే ఖర్చే లేదు, పళ్లు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడండి. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనీండి.

మూడు నెల్లకి నాలుగు కాస్తా ఎనిమిదయ్యాయి. పది తీసిన రోజుకి నాకు ఏజ్ దాటిపోయింది. మీలో చాలామందికి ఇంకా టైముంది. మీ 1.6 టైమెంత, పుల్లప్స్ ఎన్ని, రెండూ కామెంట్‌లో పెట్టండి. ఒక్కటే పెట్టినోళ్లని రెండోది నేనే అడుగుతాను.