పర్వత్ పాటియా నుంచి ఒక సగం బండి ప్రయాణం

(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను పిలిచి "ఈఎంఈలో ఇరవై ఎనిమిదేళ్లు చేశారు కదా, ఏదైనా అనుభవం చెప్పండి" అన్నారు. యుద్ధం సంగతులు చెప్పగలిగిన వారు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. నేను మెకానిక్‌ని. కాబట్టి ఒక బండిని ఇంకో బండిలో వేసుకుని పోయిన సంగతి చెబుతాను. అది కూడా రిటైరయ్యాక, సివిల్‌లో జరిగింది.

మా చెల్లెలి కుటుంబం సూరత్‌లో పర్వత్ పాటియా దగ్గర ఉంటుంది. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపుల నుంచి సాంచాల పనికి పోయి స్థిరపడిన మనవాళ్లు ఆ నగరంలో ఎంతమందంటే, అక్కడి మునిసిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమం బడులు కూడా పెట్టింది. మా బావగారు కూడా అట్లా పోయినవారే. మేనల్లుడు మాత్రం సాంచా వదిలి మెకానికల్ ఇంజనీరింగ్‌లో చేరాడు. ఇది సుమారు పదిహేనేళ్ల నాటి మాట.

ఎస్ఏఈ ఇండియా వారు 2007 నుంచి కాలేజీ పిల్లలకు బాహా అనే పోటీ పెడుతున్నారు. గొట్టాలు వెల్డింగ్ చేసి, ఒక్క మనిషి కూర్చునే బండిని పిల్లలే తయారు చేయాలి. ఆ రోజుల్లో అందరికీ ఒకటే ఇంజను. పోటీ జరిగేది పీతంపూర్‌లో. మన మహూ పక్కనే అంటే ఇక్కడ సగం మందికి దారి కూడా గుర్తొస్తుంది.

ఇలాంటి సొంత తయారీ బండిని విదేశాల్లో కిట్ కారు అంటారు. మనకు కిట్ అనగానే కిట్ ఇన్‌స్పెక్షనూ, ఉస్తాద్ అరుపులూ తప్ప ఇంకేం గుర్తు రావు! కానీ ఈ పద్ధతి ఫౌజుకు కొత్తదేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో జీపుల్ని విడదీసి పెట్టెల్లో పెట్టి ఓడలెక్కించారు. మన దేశంలో మహీంద్రా వారు 1947లో విల్లీస్ జీపుతో మొదలుపెట్టింది కూడా విడిభాగాలు తెప్పించి బిగించడమే. ఇంగ్లండులో 1957లో వచ్చిన లోటస్ సెవెన్‌ని పన్ను తప్పించుకోవడానికి జనం విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకునేవారు. మన దగ్గర ఆ వీలు లేదు. రిజిస్ట్రేషన్ లేని బండి రోడ్డెక్కకూడదని 1988 మోటారు వాహనాల చట్టం చెబుతుంది. కనుక పిల్లల బండి ఎంత బాగా నడిచినా ఇంకో బండి ఎక్కి పోవాల్సిందే.

ఇదైతే నడిచేది కూడా కాదు. నేను వెళ్లేసరికి ఇంజను కూర్చుంది, నాలుగు చక్రాలు ఉన్నాయి. బ్రేకు పైపులు వేయలేదు. స్టీరింగు బోల్టులు చేత్తో తిప్పి వదిలేసి ఉన్నాయి. "మిగిలింది అక్కడికి పోయి చేసుకుంటం మామా" అన్నాడు మేనల్లుడు. పక్క వీధి నుంచి ఒక మూసిన వ్యాను మాట్లాడారు. డ్రైవరు సిరిసిల్లవాడే. చీరల పార్సిళ్లు, నూలు భీములు, అప్పుడప్పుడు సాంచాలు మోసిన బండి అది.

పిల్లలు తమ కారును చక్రాల మీదే వ్యానులోకి నెట్టి, పై గొట్టానికి రెండు తాళ్లు కట్టారు. "సాలదా?" అని నన్నడిగారు. కొంతదూరం తిప్పి చూద్దామన్నాను. మేనల్లుడూ, ఇంకో పిల్లవాడూ వెనక కారు పక్కనే కూర్చున్నారు, పట్టుకోవడానికి. సరోలీ వైపు పోతుంటే ఆవు అడ్డం వచ్చింది. డ్రైవరు బ్రేకు వేశాడు. వెనక నుంచి దబ్ మని శబ్దం. దిగి తలుపు తీస్తే కారు జానెడు ముందుకు జరిగి ఉంది. పిల్లవాడి మోకాలికీ కారు గొట్టానికీ మధ్య నాలుగు వేళ్ల సందు. వాళ్లు నవ్వుతున్నారు. నాకు మాత్రం చెమటలు పట్టాయి.

దానికి కారణం ఉంది. 1986లో నేను నాయక్‌ని. యూనిట్ పేరు చెప్పను. త్రీ టన్నర్‌లో ఒక గేర్‌బాక్స్ తీసుకుపోతున్నాం. శ్రీకాకుళం కుర్రాడొకడు "నేను పట్టుకుంటాను ఉస్తాద్" అని వెనక కూర్చున్నాడు. సరే అన్నాను. వాలులో బ్రేకు పడింది. గేర్‌బాక్స్ జారి అతని కాలు నలిగిపోయింది. తర్వాత పుణె ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్‌లో కృత్రిమ కాలు పెట్టారు. తాళ్లు చెక్ చేసినట్టు కాగితం మీద సంతకం నాది. నేను తాళ్లను చూశాను. లాగి చూడలేదు. విచారణలో నాకేమీ కాలేదు. అతను ఇప్పటికీ సంక్రాంతికి ఫోన్ చేస్తాడు. ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తడు. ఎత్తితే బాగుండునని నాకు అనిపిస్తుంది.

ఇంటికి తిరిగొచ్చి అంతా విప్పించాను. మేనల్లుడికి కోపం వచ్చింది, "రేపు పొద్దున పోవాలె మామా" అన్నాడు. ముందు పెట్రోలు తీయించాను, బ్యాటరీ విప్పించాను. చక్రాలు నాలుగూ ఊడదీసి, చాసిస్ కింద చెక్క దిమ్మెలు పెట్టి కూర్చోబెట్టాం. బండి స్ప్రింగుల మీద ఉంటే గతుకు వచ్చినప్పుడల్లా అణుగుతుంది, అణిగినప్పుడల్లా తాడు వదులవుతుంది. చాసిస్‌ నేరుగా దిమ్మె మీద ఉంటే ఆ గొడవ లేదు. పై గొట్టానికి కాకుండా కింది గొట్టాలకు రాట్చెట్ బెల్టులు వేసి, వ్యాను నేల కొక్కేలకు కత్తెర వాటంగా బిగించాం. దిమ్మెలు జరగకుండా వాటికీ మేకులు కొట్టాం. బ్రేకు పడితే సరుకు బరువులో పదింట ఎనిమిది వంతుల బలం ముందుకు తోస్తుందని లెక్క వేసుకోవాలి. పక్కలకు, వెనక్కు సగం. కారు రెండు వందల కిలోలనుకుంటే నూట అరవై కిలోలు ముందుకు తోస్తాయన్నమాట. ఇద్దరు పిల్లలు చేతులతో ఏం ఆపుతారు?

ఇక్కడ డ్రైవరు నన్ను దిద్దాడు. "సాబ్, మీరు ముందటికే సూస్తున్నరు. కొండాయిబారి ఘాట్ ఎక్కంగ బరువు తలుపు మీద పడతది. నా సాంచా ఒకపారి గట్లనే పడ్డది" అన్నాడు. నిజమే. ముందు వైపు నాలుగు బెల్టులు, వెనక్కి రెండే వేశాను. ఇంకో రెండు వేశాం. అతను మరో మాట కూడా చెప్పాడు. కొత్తగా కట్టింది ఏదైనా మొదటి పది కిలోమీటర్లలోనే వదులవుతుందట, అక్కడ ఆగి మళ్లీ బిగించాలట. ఈ రెండో మాట మాకు ఫౌజులో నేర్పారు. మొదటిది నేను మరిచాను.

వెనక ఎవరూ కూర్చోకూడదన్నాను. ముందు సీట్లో ముగ్గురికే చోటు. మిగతా పిల్లలు రైలెక్కారు. కడోదరా దాటగానే ఆగి బెల్టులు చూశాం. రెండు నిజంగానే వదులయ్యాయి. బార్డోలి, నవాపూర్, ధూలే మీదుగా పోయి, బీజాసన్ ఘాట్ ఎక్కి, ఖల్‌ఘాట్ దగ్గర నర్మద ఒడ్డున టీకి ఆగాం. అక్కడ మేనల్లుడు "మీరు అంతగనం ఎందుకు భయపడ్డరు మామా?" అని అడిగాడు. అప్పుడు చెప్పాను శ్రీకాకుళం కుర్రాడి సంగతి. మా ఆవిడకు కూడా అంతవరకూ చెప్పలేదు. వాడేమీ మాట్లాడలేదు. టీ గ్లాసు పెట్టేసి లేచి వెళ్లి వ్యాను తలుపు తీశాడు.

పీతంపూర్‌లో బ్రేకు పైపులు వేశారు. ఆ పోటీలో బ్రేకు తొక్కితే నాలుగు చక్రాలూ ఒకేసారి ఆగాలి, లేకపోతే బండిని ట్రాక్ మీదికే రానివ్వరు. రెండోసారికి పాసయ్యారు. పందెంలో మాత్రం సగంలోనే చెయిన్ తెగింది. బహుమతి ఏమీ రాలేదు.

తిరుగు ప్రయాణానికి నేను లేచి వెళ్లేసరికే పెట్రోలు తీసేసి ఉంది. చక్రాలు ఊడదీసి వరుసగా పెట్టి ఉన్నాయి. మేనల్లుడు వ్యానులో మోకాళ్ల మీద కూర్చుని బెల్టులు ఒక్కొక్కటే పట్టుకుని లాగుతున్నాడు. "ఒకసారి మీరు గూడ సూడుండ్రి మామా" అన్నాడు. నేనూ ఎక్కి ఎనిమిదీ లాగి చూశాను. తలుపు వేశాం.

జై హింద్.