గోజీ పండ్లు - కంటిచూపు

(ప్రపంచ దృష్టి దినోత్సవ సందర్భమున గ్రామ మహిళా సంఘముల సమావేశమునందు గావించిన ప్రసంగ పాఠము)



ఇటీవల నేను ఏ గ్రామమునకు పోయినను ఎవరో ఒకరు ఎర్రని ఎండుపండ్ల పొట్లమొకటి చూపి, "అయ్యా, ఇవి తిన్నచో కంటిచూపు బాగుపడునట, నిజమేనా?" అని అడుగుచున్నారు. పొట్లముమీద గోజీ బెర్రీ అని వ్రాసియుండును. పట్టణములోని కుమారుడో, విదేశమునుండి వచ్చిన కుమార్తెయో తల్లిదండ్రులమీది ప్రేమచేత తెచ్చి యిచ్చినది. కొందరు సెల్‌ఫోనులో ప్రకటన చూచి తామే తెప్పించుకొన్నారు. ఈ ప్రశ్నకు నిజమనిగాని, అబద్ధమనిగాని ఒక్కమాటలో జవాబు చెప్పుట న్యాయము కాదు. అందుచేత నేడు ఈ పండు సంగతి కొంత వివరముగా మనవి చేయదలచితిని.

గోజీ చీనాదేశపు పండు. మన వంగ, మిరప, టమాట ఏ కుటుంబమునకు చెందినవో ఈ మొక్కయు ఆ కుటుంబమునకే చెందినది. చీనాకు వాయవ్యమున, పసుపు నది పారు చోట, నింగ్‌షియా అను ప్రాంతము కలదు. అది వాన తక్కువ, చలి ఎక్కువ అయిన సీమ. నది నీటిని కాలువలద్వారా మళ్ళించి సాగుచేసిన నేల. అందులోని చోంగ్‌నింగ్ తావు ఈ పండ్లకు పేరు మోసినది. పండ్లు విడతలు విడతలుగా పక్వమునకు వచ్చును. వానిని చేతితో కోసి ఎండబెట్టుదురు. ఎండినపిమ్మట కిస్‌మిస్ అంత పరిమాణమున, ఎర్రగా, కొంచెము తీయగా, కొంచెము వగరుగా నుండును. చీనావారు దీనిని గౌచీ అందురు. ఆ మాటయే పాశ్చాత్య వర్తకుల నోట గోజీ అయినది. లీ షిజెన్ అను వైద్యుడు 16వ శతాబ్దమున రచించిన మహా ఔషధ గ్రంథమునందు దీని ప్రస్తావన కలదు. కన్నులకు మేలు చేయునని అక్కడివారి చిరకాలపు నమ్మకము.

అయితే అక్కడి ఇల్లాండ్రు దీనిని బిళ్ళవలె మింగించుట లేదు. గంజిలోను, చారులోను పొయ్యి దింపబోవు ముందు కొన్ని పండ్లు వేయుదురు. నింగ్‌షియాలోని హుయీ ముస్లిములు అతిథికి మూతగల గిన్నెలో తేయాకు, కలకండ, ఎండు రేగుపండ్లు, గోజీపండ్లు వేసి, మరిగిన నీరు పోసి యిత్తురు. మన యింట మునగాకు ఎట్టిదో వారి యింట ఇది అట్టిది. ఆ వంటయింటి వస్తువే సముద్రము దాటి వచ్చుసరికి సీసాలోని మాత్ర అయినది. వెలయు ఆ మేరకే పెరిగినది.

ఇక ఈ పండులో నిజముగా ఏమున్నది? మన కంటి వెనుక భాగమున రెటీనా అను పొర కలదు. దాని నడుమ మిక్కిలి చిన్న పచ్చని మచ్చ యొకటి ఉన్నది. ఎదుటివారి ముఖమును గుర్తుపట్టుట, సూదిలో దారమెక్కించుట, అక్షరములు చదువుట ఆ మచ్చ వలననే సాధ్యమగుచున్నవి. దానికి ఆ పచ్చదనము ల్యూటీన్, జియాజాంథిన్ అను రెండు రంగుపదార్థములవలన వచ్చినది. తీక్షణమైన వెలుతురునుండి ఇవి ఆ మచ్చకు కొంత రక్షణ కల్పించును. వీనిని మన శరీరము స్వయముగా తయారుచేసికొనజాలదు, ఆహారమునుండియే రావలెను. గోజీపండ్లలో జియాజాంథిన్ సమృద్ధిగా కలదు. ఇది ప్రకటనలవారి కల్పన కాదు, పరిశోధకులు నిర్ధారించిన విషయము.

అమెరికాలోని డేవిస్ పట్టణమున ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు 2021లో ఒక పరిశోధన ఫలితములను ప్రకటించిరి. 45 ఏండ్లనుండి 65 ఏండ్ల వయస్సుగల 27 మంది ఆరోగ్యవంతులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టువారికి వారమునకు అయిదు దినములు, దినమునకు 28 గ్రాముల గోజీపండ్లు 90 దినములపాటు ఇచ్చిరి. వారి కంటిమచ్చలోని రంగుపదార్థము పెరిగినది. ల్యూటీన్, జియాజాంథిన్ మాత్రలు తీసికొన్న రెండవ జట్టువారిలో అట్టి పెరుగుదల కనబడలేదు. ఇది సంతోషింపదగిన ఫలితమే. కాని వారు 27 మంది, కాలము మూడు మాసములు, అందరును ఆరోగ్యవంతులు. రంగు పెరిగినది గనుక జబ్బు రాదని, వచ్చిన జబ్బు పోవునని ఈ పరిశోధన తేల్చలేదు.

వృద్ధాప్యమున ఈ పచ్చని మచ్చ క్షీణించు వ్యాధి యొకటి కలదు. దానినిగూర్చి అమెరికా జాతీయ నేత్ర సంస్థవారు నాలుగువేలకు పైబడిన జనముపై చేసిన పెద్ద పరిశోధన 2013లో వెలువడినది. అందు వాడిన మాత్రలలో దినమునకు 10 మిల్లీగ్రాముల ల్యూటీన్, 2 మిల్లీగ్రాముల జియాజాంథిన్‌తోపాటు విటమినులు, జింకు కూడ ఉండెను. వ్యాధి ఇప్పటికే కొంత ముదిరినవారిలో అది ఇంకను తీవ్రము కాకుండ ఇట్టి మాత్రలు కొంతవరకు ఆపగలవు. లేని వ్యాధిని రాకుండ చేయజాలవు. శుక్లములను ఆపజాలవు. ఆ మాత్రలైనను నేత్రవైద్యుడు పరీక్షించి వ్రాసి యిచ్చినప్పుడు వాడవలసినవే.

మన గ్రామములలో చూపు పోవుటకు కారణమేమి? 2015 నుండి 2019 వరకు మన దేశమున జరిగిన జాతీయ సర్వే ప్రకారము, 50 ఏండ్లు పైబడినవారి అంధత్వములో 66.2 శాతము శుక్లములవలన కలిగినది. తెలంగాణములో దీనినే మోతిబిందు అందురు. కంటిలోని కటకము మసకబారుటయే శుక్లము. మసకబారిన కటకమును తీసి వేరొక కటకమును అమర్చుటయే దానికి చికిత్స. ఏ పండును, ఏ చుక్కలమందును, ఏ పసరును దానిని కరిగింపజాలదు. నలుబదియేండ్లు దాటినపిమ్మట వచ్చు చత్వారమునకు కళ్ళద్దములు చాలును. పిల్లలలోను, గర్భిణులలోను కనబడు రేచీకటి విటమిన్ ఎ లోపమువలన కలుగును. జియాజాంథిన్ శరీరములో విటమిన్ ఎ గా మారదు. పిల్లలకు తొమ్మిదవ మాసముననుండి అయిదేండ్లు నిండువరకు తొమ్మిది విడతలుగా ఇచ్చు విటమిన్ ఎ ద్రావణమును మీ ఆశా కార్యకర్తవద్ద తప్పక వేయించవలెను. ఈ కార్యక్రమము 1970లో దేశమంతట ఆరంభమగుటకు మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కృషియే ఆధారము.

వీనియన్నిటికంటె భయంకరమైనవి నీటికాసులు. కంటిలోపలి ఒత్తిడి పెరిగి నరము మెల్లమెల్లగా నశించును. నొప్పి యుండదు. చూపు ప్రక్కలనుండి కుంచించుకొనిపోవును. పోయినచూపు తిరిగి రాదు. మిగిలినదానిని కాపాడుకొనుట మాత్రమే సాధ్యము. నేనెరిగిన ఒక పెద్దరైతు సాయంత్రము పొలమునుండి వచ్చునప్పుడు గట్టుమీద కాలు తడబడుచున్నదని చెప్పగా, ఇంటివారు ఈ పండ్లే తెప్పించి పెట్టిరి. ఆయన శ్రద్ధగా ఎనిమిది మాసములు తినెను. చూపు నిలుకడగానే యున్నదని అందరును అనుకొనిరి, ఏలయనగా మంచికన్ను చెడ్డకంటి లోపమును కప్పిపుచ్చుచుండెను. పరీక్ష చేయించునాటికి కుడికన్ను పూర్తిగా పోయినది. ఎడమకంటికి ఇప్పుడు దినమునకు రెండుమారులు చుక్కలు వేసికొనుచున్నాడు. పండ్లు ఆయనకు కీడేమియు చేయలేదు. వృథాగా గడచిన ఆ ఎనిమిది మాసములే చేసినవి.

చట్టము ఈ విషయమున స్పష్టముగానే యున్నది. అంధత్వము, శుక్లములు, నీటికాసులు మొదలగు వ్యాధులను నయము చేయుదుమని ప్రకటించుటను 1954నాటి ఔషధ, అద్భుత చికిత్సల ప్రకటనల చట్టము నిషేధించుచున్నది. ఆహార పూరకములుగా అమ్ము సీసాలపై ఔషధముగా వాడరాదని వ్రాయవలెనని ఆహార భద్రతా నిబంధనలు చెప్పుచున్నవి. ఆ వ్రాత చిన్న అక్షరములలో నుండును. చదువుటకు మంచిచూపే కావలెను! బడికి పోవు మనుమనిచేత చదివించుకొనుడు.

మరి కంటికి మేలుచేయు ఆ రంగుపదార్థములు మనకు వేరెక్కడను దొరకవా? దొరకును. జియాజాంథిన్ అను పేరులోని మొదటి భాగము మొక్కజొన్న శాస్త్రీయనామమునుండియే వచ్చినది. పసుపుపచ్చని మొక్కజొన్నగింజకు ఆ రంగు నిచ్చుటలో దీని పాలు పెద్దది. ఉత్తర తెలంగాణములో మక్కలు పండించు రైతు ఈ పదార్థమును బస్తాలకొలది అమ్మి, అదే పదార్థముకొరకు గ్రాముల లెక్కన పొట్లము కొనుచున్నాడు. మన మొక్కజొన్నలో పెద్దభాగము కోళ్ళ దాణాకు పోవుచున్నది. అందులోని రంగు కోడిగ్రుడ్డు పచ్చసొనలోనికి చేరుచున్నది. పచ్చసొనలోని కొవ్వుతో కలిసియుండుటచేత అది మన ఒంటికి సులభముగా పట్టును. గ్రుడ్డు తిని పచ్చసొన పారవేయువారు ఈ సంగతి గుర్తించవలెను. తోటకూర, పాలకూర, మునగాకు, మెంతికూరలలో ల్యూటీన్ విశేషముగా కలదు. ఆకుకూరను వట్టి నీళ్ళలో ఉడికించుటకంటె ఒక చెంచా నూనెతో పోపుపెట్టుట మేలు. కొవ్వు లేనిదే ఈ రంగులు ఒంటికి సరిగా పట్టవు.

ఇంతకును ఇంటనున్న గోజీ పొట్లమును పారవేయవలెనా? అక్కరలేదు. పిడికెడు పండ్లు పాయసములో కిస్‌మిస్‌వలె వేసికొనవచ్చును. పిల్లలు ప్రేమతో తెచ్చినదానిని కాదనుట ఎందులకు? అయితే గుండెజబ్బుకో, రక్తము గడ్డకట్టకుండుటకో వార్ఫరిన్ అను మందు వాడువారు మాత్రము ఈ పండ్లకు దూరముగా నుండవలెను. రెండును కలిసినప్పుడు రక్తస్రావము కలిగిన సందర్భములు వైద్యపత్రికలలో నమోదైనవి. మధుమేహమునకు, రక్తపుపోటుకు మందులు వాడువారును ముందుగా వైద్యుని అడుగవలెను. మధుమేహము కలవారు చూపు బాగుగా నున్నను ఏటేట రెటీనా పరీక్ష చేయించుకొనవలెను.

ఇంటివద్ద చేసికొనదగిన పరీక్ష యొకటి చెప్పెదను. ఒక కంటిని అరచేతితో మూసి, రెండవ కంటితో తలుపు ద్వారబంధమును చూడుడు. పిమ్మట కన్ను మార్చి చూడుడు. నిలువుకమ్మి వంకరగా కనబడినను, నడుమ నల్లని మరక తోచినను, ఒక కంటికిని రెండవకంటికిని తేడా యున్నను ఆలస్యము చేయక కంటిడాక్టరును చూడవలెను. నీటికాసులు ఈ పరీక్షకు దొరకవు. వానికి కంటిలోని ఒత్తిడిని, నరమును వైద్యుడే చూడవలెను.

తెలంగాణములో 2018 ఆగస్టు 15న, ఆంధ్రప్రదేశములో 2019 అక్టోబరు 10న కంటివెలుగు పేరిట పరీక్షలు ఆరంభమైనప్పుడు మీలో పలువురు అద్దములు పొందితిరి. ఆ అద్దములు ఇచ్చి ఏండ్లు గడచినవి. వయస్సుతోపాటు అద్దముల నంబరును మారును. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి, నేత్రసహాయకుడు ఏ దినమున వచ్చునో కనుగొనుడు. పోవునప్పుడు పాత అద్దములు, ప్రస్తుతము వాడుచున్న మందుల చీటీలు, ఈ గోజీ పొట్లము కూడ వెంట తీసికొనిపోయి చూపించుడు.