మహీనేర్ ఘోడాగులి: విడిపోయినా నిలిచిన పాట



ఇవి బెంగాలీ సంగీతకారుడు గౌతమ్ చటోపాధ్యాయ్ స్మృతిలో నాలుగు మాటలు. 1999 జూన్ 20న ఆయన కన్నుమూశారు. ఆయన పేరు విననివాళ్లు కూడా ఆయన బాణీ వినే ఉంటారు. 2006లో వచ్చిన 'గ్యాంగ్‌స్టర్' సినిమాలో జేమ్స్ పాడిన 'భీగీ భీగీ' పాటకు మూలం గౌతమ్ కట్టిన 'పృథిబీటా నాకి' అనే బెంగాలీ పాట. ఆయన బృందం పేరు మహీనేర్ ఘోడాగులి, అంటే మహీన్ గుర్రాలు. బెంగాలీ కవి జీవనానంద దాస్ కవిత నుంచి ఆ పేరు ఏరి తెచ్చింది సహచరుడు రంజన్ ఘోషాల్.

గౌతమ్ ప్రెసిడెన్సీ కాలేజీలో చదివారు. కలకత్తా పార్క్ స్ట్రీట్ హోటళ్లలో గిటార్ వాయించారు. అంతలో నక్సల్బరీ ఉద్యమం వచ్చింది. అందులో చేరి ఆయన జైలుకు వెళ్లారు. విడుదలయ్యాక కొన్నాళ్లు మధ్యప్రదేశ్‌లో ఉద్యోగం చేసుకున్నారు. అదే నిప్పు మన శ్రీకాకుళంలోనూ రాజుకుంది. ఇక్కడ ఆ ఆవేశం వంగపండు, గద్దర్ గొంతుల్లో జముకుల కథై, డప్పు దరువై పలికింది. కలకత్తాలో గౌతమ్ గిటార్, శాక్సాఫోన్ పట్టుకుని బెంగాల్ ఊళ్లలో పాడుతూ తిరిగే బాఉల్ ఫకీర్ల పాట వైపు నడిచారు. వాద్యాలు వేరైనా రెండు చోట్లా వెతికింది ఊరి గొంతునే.

1975లో కలకత్తా నాక్‌తలాలోని గౌతమ్ ఇంట ఆయనతో కలిపి ఏడుగురు జతకూడారు. తమ్ముళ్లు ప్రదీప్, విశ్వనాథ్, బంధువు రంజన్, మిత్రులు తాపస్ దాస్, తపేశ్ బందోపాధ్యాయ్, వయొలిన్, పియానో వాయించే అబ్రహాం మజుందార్. 1977, 78, 79 సంవత్సరాల్లో ఏటా ఒక రికార్డు తెచ్చారు. మొదటి రికార్డులోని 'హాయ్ భాలోబాసి' పాటను కాస్త ఆగి చూడాలి. వెన్నెలతో మొదలై పికాసో, డిలాన్, బీథోవెన్, రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్ దాకా ఇష్టమైనవన్నీ లెక్క చెబుతుంది. చేలల్లో, రేవుల్లో చెమటోడ్చేవాళ్లు కళ్లబడగానే అవేవీ రుచించవంటుంది. మంచి రోజుల్ని రమ్మని పిలిచి, అప్పుడు అన్నిటినీ కలిపి ప్రేమిద్దామంటుంది. చదువుకున్న నగర యువకుడి మనసులోని పెనుగులాటను బెంగాలీ పాట ఇంత తేటగా చెప్పడం నాకు గొప్పగా తోస్తుంది.

అప్పటి శ్రోతలకు మాత్రం ఈ బృందం సంగీతం మింగుడుపడలేదు. రవీంద్ర సంగీతానికీ సినిమా పాటకూ అలవాటుపడిన చెవులకు ఆ హోరు పరాయిదిగా వినిపించింది. రవీంద్ర సదన్‌లో కచేరీ చేసినా పాట కూడు పెట్టలేదు. 1981లో బృందం చెదిరింది. విశ్వనాథ్ అమెరికా, అబ్రహాం జర్మనీ, రంజన్ బెంగళూరు చేరారు. గౌతమ్ సినిమా వైపు వెళ్లి, 'నాగమతి'కి ఉత్తమ బెంగాలీ చిత్రంగా జాతీయ అవార్డు అందుకున్నారు. ఈ విడిపోవడంలో కక్షలూ కోర్టులూ వెతకనక్కర్లేదు. బతుకుతెరువు ఎవరి దారి వాళ్లకు చూపించింది.

అసలు విశేషం ఆ తర్వాత జరిగింది. పాత రికార్డులు కాలేజీ కుర్రాళ్ల చేతుల్లో తిరుగుతూ వచ్చాయి. 1995 కలకత్తా పుస్తక ప్రదర్శనలో 'ఆబార్ బఛర్ కుడి పరే', అంటే మళ్లీ ఇరవై ఏళ్ల తర్వాత, అనే ఆల్బమ్ వెలువడింది. పాత బృందాన్ని కూర్చి తమ పాటలే తిరిగి పాడుకుంటే సరిపోయేది. గౌతమ్ ఆ పని చేయలేదు. కొత్త గాయకుల్ని, కొత్త బృందాల్ని పిలిచి పాడించి, తన బృందాన్ని సంపాదకుడి స్థానంలో కూర్చోబెట్టారు. ఆ పద్ధతిలోనే మరో మూడు సంకలనాలు వచ్చాయి. తొంభైల్లో, ఆ తర్వాతి ఏళ్లలో క్యాక్టస్, చంద్రబిందు, భూమి, ఫాసిల్స్ వంటి బృందాలతో బంగ్లా బ్యాండ్ ఇంటింటి మాటైంది.

గౌతమ్ పోయాక కూడా పాట ఆగలేదు. తాపస్ దాస్ కుర్రాళ్లతో కలిసి కొత్త బృందం కట్టారు. ఆయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చినప్పుడు యువ కళాకారులు కచేరీలు చేసి వైద్యానికి డబ్బు కూడగట్టారు. 2023 జూన్‌లో ఆయన మరణించారు. అంతకు మూడేళ్ల ముందే రంజన్ వెళ్లిపోయారు. ఆ ఏడుగురూ ఇక ఒకే వేదిక ఎక్కలేరు. అయినా ఆ బృందం మళ్లీ కలిసిందనే అంటాను. మొదటి రికార్డు నాటికి పుట్టనైనా పుట్టని పిల్లలు ఆ పాటను సొంతం చేసుకున్నారు కాబట్టి.

మన హైదరాబాదులో, విశాఖలో గిటార్ పట్టిన పిల్లలు తెలుగులో సొంత పాట కడుతున్నారు. వాళ్లను సినిమా పాటలే పాడమని ఒత్తిడి చేయకండి. మన జానపద బాణీలు వాళ్ల ముందుంచండి, వాళ్ల పాట కూర్చుని వినండి. నచ్చకపోతే నచ్చలేదని చెప్పండి, కానీ మరుసటి కచేరీకీ రండి. నాక్‌తలా కుర్రాళ్లకు ఇరవై ఏళ్లు ఆలస్యంగా దొరికిన శ్రోతలు మన పిల్లలకు ఇవాళే దొరకాలి. గౌతమ్‌కు మనం చేయగల నివాళి అదే.