సంగటి ముద్ద

నిఘంటువులలో ఈ పదం ‘సంకటి’ అని కనబడుతుంది. మన గోరంట్ల, పెనుకొండ, హిందూపురం ప్రాంతాల వాడుకలో అది ‘సంగటి’. ఇంకా దక్షిణంగా, కర్ణాటక సరిహద్దు దగ్గరకు పోయినకొద్దీ ఉత్త ‘ముద్ద’ అయిపోతుంది. పేర్లు రెండైనా పదార్థం ఒకటే అనుకోవడం మాత్రం సరికాదు. సంగటిలో బియ్యపు నూక పడుతుంది. ముద్దలో కేవలం రాగిపిండే. గోరంట్ల ఈ రెండు అలవాట్లకూ నడుమ ఉన్న ఊరు గనుక, ఒకే వీధిలో ఒక ఇంట నూక వేస్తారు, పక్కింట వేయరు. ఎవరికి వారు తమదే అసలైనదని వాదిస్తారు. ఆ వివాదంలో తీర్పు చెప్పే సాహసం నాకు లేదు.

శ్రోతలలో కొందరికి, ఆకాశవాణిలో ప్రసంగించడానికి సంగటి ఒక విషయమా అనే సందేహం కలుగవచ్చు. పండుగ వంటలను గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు. ఒంట్లో నలతగా ఉన్ననాడు, మనసు బాగులేని నాడు, ఊరికి దూరంగా ఉండి ఇల్లు జ్ఞప్తికి వచ్చిననాడు మనిషి కోరుకునేది ఓళిగలను కాదు, రోజూ తిని పెరిగిన తిండిని. మన సీమలో ఆ తిండి సంగటి.

గోరంట్ల చిత్రావతీ తీరాన ఉన్నది. నది అన్నమాటే గాని, ఏడాదిలో ఎక్కువ నెలలు అందులో కనిపించేది ఇసుకే. ఈ ప్రాంతపు వర్షపాతం సంవత్సరానికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఇటువంటి నేలపై వరి పండించాలంటే చెరువు నిండవలె, లేదా బావిలో నీరుండవలె. రాగికి అంత పట్టింపు లేదు. తూర్పు ఆఫ్రికా మెట్టనేలలలో పుట్టి, ఏనాడో ఈ దేశానికి వచ్చి స్థిరపడిన ధాన్యమిది. పురుగు సులభంగా పట్టదు. బాగా ఎండబెట్టి పాతరలో పోస్తే ఏళ్ళ తరబడి నిలుస్తుంది. 1876లో మొదలైన ధాత కరువు వంటి కరువులను చూసిన సీమలో, ఈ ఒక్క గుణం ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు. కన్నడ దేశపు భక్తకవి కనకదాసు వరికీ రాగికీ తగవు పెట్టి, శ్రీరాముని చేత రాగినే గెలిపించి, ఏకంగా ఒక కావ్యమే వ్రాశాడు. ఆ కావ్యంలో రెండు ధాన్యాలనూ చెరలో పెడతారు. కొంతకాలానికి వరి నీరసిస్తుంది, రాగి చెక్కుచెదరదు. పాతర సంగతి తెలిసిన కవి!

ఇక వంట సంగతి. ఒక గ్లాసు నూకకు రెండు గ్లాసుల పిండి, ఆరు గ్లాసుల నీళ్ళు. పిండి కొత్తదో పాతదో, నూక సన్నమో దొడ్డో చూసుకొని నీళ్ళు కొంచెం హెచ్చుతగ్గులు చేసుకోవలె. నూకను ముందుగా మెత్తగా, గంజి ఇంకా మిగిలి ఉండగా ఉడికించవలె. అప్పుడు పిండిని మీద కుప్పగా పోసి, కలపకుండా, కట్టెతో మధ్య ఒక రంధ్రం చేసి మూత పెట్టి, మంట తగ్గించి పది నిమిషాలు వదిలివేయవలె. కొత్తగా నేర్చేవారికి కష్టమంతా ఇక్కడనే. చేయి ఊరుకోదు, ముందే కలుపుతారు, ఉండలు కడుతుంది. ఆవిరి కింది నుంచి పైకి వచ్చి పిండిని తడిపే వరకు ఓపిక పట్టి, అటు తరువాత కుండను కదలకుండా అదిమిపెట్టి, సంగటి కట్టెతో గట్టిగా కెలకవలె. తడిచేత్తో ముద్దచేసి, నడుమ గుంట పెట్టి, నెయ్యి వేసి వడ్డించవలె. తినేటప్పుడు నమలరు, చిన్న తునకను పప్పులోనో పులుసులోనో అద్ది మింగుతారు. నమిలితే పంటికి అంటుకుంటుంది, రుచీ తెలియదు.

తోడుగా ఏమి ఉండవలెననేది ఋతువును బట్టి మారుతుంది. వేసవి ముందర చింతచిగురు పప్పు. హిందూపురం చింతపండుకూ బెల్లానికీ పేరుపొందిన అంగడి. ఆ చెట్ల చిగురు మన పప్పులోకి రావడం న్యాయమే గదా! తక్కిన కాలంలో పుల్లగూర, ఉలవచారు. ఏదీ లేనినాడు ఊరుబిండి. వేయించిన చెనక్కాయ విత్తనాలు, మిరపకాయలు, చింతపండు, వెల్లుల్లి, ఉప్పు రోటిలో బరకగా నూరి, చివర ఉల్లిపాయ వేసి ఒక్క దంపు దంచితే సరి. దీనిని యంత్రంలో వేసి మెత్తగా తిప్పినవారు తిన్నది మరేదో పచ్చడి గాని ఊరుబిండి కాదని నా అభిప్రాయం.

ఇంత చెప్పిన తరువాత ఒక నిజం చెప్పవలసి ఉన్నది. మన ఇళ్ళలో సంగటి తగ్గిపోయినది. మెట్టనేల చాలావరకు వేరుశెనగ క్రిందికి పోయినది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చిన తరువాత, ఒకప్పుడు పండుగనాడు మాత్రమే అన్నం వండుకున్న పేద ఇంట ప్రతిదినమూ అన్నం ఉడికినది. అందులో తప్పు పట్టవలసినది ఏమీ లేదు. ఆకలి తీరడం కంటె గొప్ప సంగతి లేదు. అయితే దానితోపాటు సంగటి తినడం లేమికి గుర్తు అనే భావం కూడ బలపడినది. చుట్టాలు వస్తే సంగటి కుండను మూలకు నెట్టి అన్నం వండిన ఇళ్ళను నేను ఎరుగుదును. ఇప్పుడు గాలి తిరిగినది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపినది. ఆ ఏడే మన రాష్ట్రంలో బడిపిల్లలకు వారానికి మూడు దినాలు రాగిజావ పోయడం ఆరంభించారు. నగరాలలో వైద్యులు చెప్పగా తింటున్నారు. హోటళ్ళలో వెల పెట్టి తింటున్నారు. నూరు గ్రాముల రాగిలో సున్నము మూడువందల మిల్లీగ్రాములకు పైబడి ఉంటుందనీ, బియ్యంలో ఉండేది అందులో స్వల్పభాగమేననీ చదువుకున్నవారందరికీ తెలిసినది.

కాని నా విచారం వేరొకటి. సంగటికి భుజబలం కావలె. ఊళ్ళలో యువకులు పనికోసం బెంగుళూరు చేరుకున్నారు; ఇంట మిగిలినది డెబ్బై దాటిన అవ్వ, తాత. ఇద్దరి కోసం కుండ పెట్టి కట్టె తిప్పే శక్తి ఆమెకు లేదు. చిన్నతనం నుంచి సంగటితో పెరిగిన మనుషులు, సంగటి అవసరం ఎక్కువైన వయసులో, ఇంత అన్నంలో ఊరగాయ కలుపుకొని పొద్దు గడుపుతున్నారు. “కట్టె తిరగదు నాయనా” అనే మాట నేను ఈ ప్రాంతంలో ఒకచోట కాదు, అనేక చోట్ల విన్నాను. కొడుకులు నెలనెలా డబ్బు పంపుతారు. డబ్బు కట్టె తిప్పదు.

దీనికి నాకు తోచిన ఉపాయాలు కొన్ని మనవి చేస్తాను. మొదటిది, వారానికి రెండు మూడు దినాలైనా ఇరుగు పొరుగు ఇళ్ళలో కలిపి వండుకోవడం. నలుగురు ముసలివాళ్ళకు ఒక పడుచు చేయి చాలును. రెండవది, రాగిరొట్టె. పట్టణపు బేకరీలలో రొట్టె పొంగడానికి కారణమైన గోధుమ జిగురు రాగిలో లేదు. కనుక చల్లని నీళ్ళతో తడిపితే పిండి విరిగిపోతుంది. మరిగిన నీళ్ళు పోస్తే పిండిపదార్థం ఉడికి పట్టు వస్తుంది. అందులో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, మునగాకు, జీలకర్ర, ఉప్పు కలిపి, నూనె రాసిన చల్లని పెనం మీదనే చేత్తో పలుచగా తట్టి, అప్పుడు పొయ్యి మీద పెట్టి మూత వేయవలె. రెండవ రొట్టెకు ముందు పెనం వెనుకవైపు నీళ్ళు పోసి చల్లార్చుకోవలె, లేకపోతే చేయి కాలుతుంది. దీనికి బలం అక్కరలేదు, నిదానం చాలును.

మూడవది, మొలకెత్తించిన రాగుల జావ. రాగులను ఒక రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, మొలక వచ్చిన తరువాత ఎండబెట్టి, మొలకలు నులిమివేసి, దోరగా వేయించి విసరవలె. మొలకెత్తేటప్పుడు గింజలో పుట్టే రసాయనం పిండి చిక్కదనాన్ని విరుస్తుంది. అందువలన ఎక్కువ పిండి వేసినా జావ పలుచగానే ఉంటుంది; పసిబిడ్డ గాని, పళ్ళు లేని ముసలివాడు గాని కొద్దిగా త్రాగినా బలం పడుతుంది. బిడ్డలకు బెల్లం, పాలు; పెద్దలకు ఉప్పు, మజ్జిగ.

రాత్రి సంగటి మిగిలిన పక్షంలో పారవేయకండి. ముద్ద మునిగేటట్లు నీళ్ళు పోసి మట్టిపాత్రలో ఉంచండి. ఉదయానికి కొంచెం పులుపు తిరుగుతుంది. మజ్జిగ పోసి చేత్తో పిసికి, ఉప్పు వేసి, చిన్న ఉల్లిపాయ చితకకొట్టి దగ్గర పెట్టుకొంటే, చైత్రవైశాఖాల ఎండలో పొలం పోయేవానికి పన్నెండు గంటల వరకు మరొకటి అక్కరలేదు.