చిన్న వేదిక మీద డప్పు

(పాఠశాల పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



‘మన ఊరు – మన కళలు’ అని నాకు అంశం ఇచ్చారు. చాలా పెద్ద అంశం. నేను ఒక డప్పు బృందం గురించి, శివరాత్రి జాతరలో వాళ్ళకు ఎదురైన ఒక రాత్రి గురించి మాత్రమే మాట్లాడతాను.

మన గడ్డపోతారంలో తొమ్మిది మంది యువకులు కలిసి డప్పు కొడతారు. వాళ్ళలో ఇద్దరు మన బడిలో చదివినవాళ్ళే. ఎక్కువమంది చుట్టుపక్కల మందుల కంపెనీల్లో కాంట్రాక్టు పని చేస్తారు. ఒకరికి పొద్దటి షిఫ్టు, ఇంకొకరికి రాత్రి షిఫ్టు. అందరూ కలిసి ప్రాక్టీసు చేసుకునేది ఆదివారం సాయంత్రమే.

డప్పు కొట్టడం ఒకప్పుడు వెట్టి. చావుకైనా, చాటింపుకైనా, జాతరకైనా ఊరు పిలిస్తే మాదిగవాడ నుంచి రావలసిందే. రానని చెప్పడానికి లేదు, కూలి ఇంత అని అడగడానికి లేదు. అందుకే చదువుకున్న పిల్లలు చాలామంది దాన్ని వదిలేశారు. వాళ్ళను తప్పుపట్టలేం. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా ఆ డప్పునే ఆత్మగౌరవానికి గుర్తుగా ఎత్తి పట్టుకుంది. తర్వాత తెలంగాణ ఉద్యమంలో ధూంధాం సభలు డప్పు మోతతోనే సాగాయి. మన బృందం పెద్ద ఒకసారి నాతో అన్నాడు: “అన్నా, మా తాత పిలిస్తే పోయిండు. మేం ఒప్పుకుంటేనే పోతం.” ఇంత చరిత్ర ఆ రెండు మాటల్లో ఉంది.

ఆ జాతర పేరు చెప్పను. ఎవరినీ నిలదీయడానికి చెబుతున్నది కాదు ఇది. అక్కడ పెద్ద వేదిక మీద లైట్లు, డీజే బాక్సులు, సినిమా పాటలు. బండ్లు నిలిపే చోటుకు దగ్గరగా పలకలు పరిచి ఒక చిన్న వేదిక. మనవాళ్ళకు రాత్రి ఎనిమిది గంటలకు ఇరవై నిమిషాలు ఇస్తామన్నారు. తొమ్మిదిన్నర దాటినా పిలుపు రాలేదు. పది గంటల షిఫ్టు ఉన్న ఇద్దరు డప్పులు మిగతావాళ్ళ చేతికిచ్చి డ్యూటీకి వెళ్ళిపోయారు. పిలిచేసరికి పదకొండు దాటింది.

నేను ఎలక్ట్రికల్ ఇంజనీరును కాబట్టి మైకుల సంగతి చూడమని నన్ను వెంట తీసుకుపోయారు. కానీ అక్కడ కావలసింది మైకు కాదు, మంట. డప్పుకు బిగించేది మేకతోలు. గాలిలో తేమ తగిలితే తోలు సాగుతుంది, బిగువు తగ్గుతుంది, మోత మొద్దుబారుతుంది. మంట దగ్గర కాగబెడితే తేమ పోయి తోలు మళ్ళీ బిగుస్తుంది, కంఠం ఖణేల్మంటుంది. మూడు గంటలు మంచులో కూర్చున్న డప్పులు అప్పటికే చప్పబడ్డాయి. షామియానా దగ్గర మంట పెట్టొద్దన్నారు. ఆ మాట న్యాయమే, గుడ్డకు నిప్పంటుకుంటే ప్రమాదం. అయితే ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఏడుగురూ మాట్లాడకుండా రోడ్డు దాటి ఖాళీ జాగాలో ఎండుగడ్డి పోగేసి డప్పులు కాగబెట్టుకున్నారు. తిరిగి వచ్చి వేదిక ఎక్కలేదు. ఎక్కినా ఆ పలకల మీద అడుగు వేసి తిరగడానికి చోటు లేదు. నేల మీదే అర్ధచంద్రంగా నిలబడ్డారు. పెద్ద వేదిక మీద పాట ఆగి, ఇంకో పాట మొదలయ్యేలోపు దొరికిన సందులో సిర్ర, సిటికెన పుల్ల ఒక్కసారి తోలు మీద పడ్డాయి. మైకు లేదు. అయినా జనం ఇటు తిరిగారు. జాగారం చేస్తున్న ముసలమ్మలు ముందుకొచ్చారు, పిల్లలు అడుగు కలిపారు. అర్ధచంద్రం నిండు వలయం అయ్యింది.

ఎవరో పదిరూపాయల నోట్లు తెచ్చి డప్పు మీద పెట్టబోయారు. బృందం పెద్ద దండం పెట్టి వెనక్కి ఇచ్చాడు: “వద్దు పెద్దనాయనా, మాట్లాడుకున్న పైసలు ఇస్తే సాలు.” ఆ మాట్లాడుకున్న పైసల్లో ఆ రాత్రి చేతికొచ్చింది సగమే. మిగతాది వారం తర్వాత, రెండుసార్లు అడిగాక వచ్చింది.

మిత్రులారా, వాళ్ళకు వేదిక చిన్నదైనందుకు బాధ లేదు. డప్పు వలయంలో మోగే వాద్యం, దానికి ఎత్తైన వేదికతో పని లేదు. బాధల్లా చెప్పిన సమయం, కావలసిన మంట, ఒప్పుకున్న కూలి, ఈ మూడూ దక్కకపోవడమే. చప్పట్లు ఎన్ని కొట్టినా కూలి దగ్గర బేరమాడితే పాత వెట్టి కొత్త చొక్కా వేసుకుని వచ్చినట్టే. పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులకు నెలకు 4000 రూపాయల పెన్షన్ ఉంది. మంచిదే. కానీ పెన్షన్ ఆదుకునేది వయసు మళ్ళాక. ఆడే వయసులో ఆదుకునేది మాట్లాడుకున్న కూలే.

మనలో చాలామంది ఈ రోజు కంపెనీల్లో, అపార్టుమెంటు కమిటీల్లో, గణేశ్ మండపాల్లో నిర్ణయాలు తీసుకునే చోట ఉన్నాం. డప్పును పిలిచేటప్పుడు షిఫ్టు అడిగి సమయం పెట్టండి. షామియానాకు దూరంగా మంటకు జాగా, పక్కన రెండు బకెట్ల నీళ్ళు చూపించండి. పైసలు ఆట మొదలయ్యేలోపే చేతిలో పెట్టండి. డీజేకు అడ్వాన్సు ఇచ్చే మనకు ఇది కష్టమైన పని కాదు.

ఈ స్వర్ణోత్సవానికి వాళ్ళ తొమ్మిది మందినీ పిలిచాం. సాయంత్రం ఆరింటికి, బడి మైదానంలో, నేల మీదే. రాత్రి షిఫ్టువాళ్ళు కూడా ఆడి డ్యూటీకి పోవచ్చు. కమిటీ పైసలు పొద్దున్నే ఇచ్చేసింది. మనం చేయవలసింది ఒక్కటే, కుర్చీలు వదిలి వలయంలోకి రావడం.