నాట్యము ఆర్తులకు విశ్రాంతి



గత దినమున నాట్యవేదోత్పత్తిని గూర్చి చెప్పుకొంటిమి. ఋగ్వేదమునుండి పాఠ్యమును, సామమునుండి గీతమును, యజుస్సునుండి అభినయమును, అథర్వమునుండి రసమును గ్రహించి బ్రహ్మదేవుడు నాట్యవేదమును నిర్మించెనని భరతముని ప్రథమాధ్యాయమున వివరించినాడు. అచ్చటనే మఱియొక మాట యున్నది. దుఃఖపీడితులకును, అలసినవారికిని, ఆత్మీయులను గోల్పోయినవారికిని, తపస్సుచే డస్సినవారికిని ఈ నాట్యము విశ్రాంతి నొసగునని మహర్షి యభిప్రాయము. నేటి మన విచారణ ఈ ఒక్క మాటను గూర్చియే.

“తలిదండ్రులను గోల్పోయి, కన్నులార నెత్తురు జూచిన పసివానికి ఆటపాటలు ఏమి చేయగలవు? ముందు అన్నము పెట్టవలదా?” అని కొందఱు ప్రశ్నింతురు. ప్రశ్న న్యాయమైనదే. అన్నమునకు బదులు పాట నీయుమని ఏ శాస్త్రమును చెప్పలేదు. కాని కడుపు నిండిన పిదపకూడ నిద్రపట్టని బాలునకు ఏమి చేయవలెను? దీనికి సమాధానముగా దూరదేశపు వృత్తాంతము నొకదానిని మనవి చేసెదము.

ఆఫ్రికా ఖండమున ఉగాండా దేశపు ఉత్తరభాగమున అచోలీ యను జాతివారు నివసింతురు. 1987 ప్రాంతమునుండి 2006 వఱకు అచ్చట ఘోరమైన అంతర్యుద్ధము సాగినది. జోసెఫ్ కోనీ నాయకత్వమున నడచిన తిరుగుబాటు సేన వేలాది బాలబాలికలను ఎత్తుకొనిపోయి, వారిచేతనే ఆయుధములు పట్టించినది. ఆ భయముచేత పల్లెల పిల్లలు ప్రొద్దుగ్రుంకగనే గులూ పట్టణమునకు నడచిపోయి, దొరికినచోట పరుండి, తెల్లవాఱగనే మరలి వచ్చెడివారు. లక్షలాది ప్రజలు పొలములను విడిచి శిబిరములలో తలదాచుకొనిరి.

అట్టి శిబిరములలో పటొంగో ఒకటి. అచ్చటి ప్రాథమిక పాఠశాల పిల్లలు 2005లో రాజధాని కంపాలాలో జరిగిన జాతీయ సంగీత పోటీలకు వెళ్ళిరి. అనాథలైనవారును, తిరుగుబాటుదారుల చెఱనుండి తప్పించుకొని వచ్చినవారును వారిలో నుండిరి. వారు ప్రదర్శించిన వానిలో బ్వోలా యను నృత్యమొకటి. పూర్వము అచోలీ ప్రభువుల సన్నిధిని జరిగిన రాజనృత్యమది. పురుషులు చిన్న డోళ్ళను చేతబట్టి వాయించుచు వలయముగా అడుగు వేయుదురు; స్త్రీలు ఆ వలయము లోపల ఆడుదురు. సంప్రదాయ నృత్యమునకు ఆ శిబిరపు పిల్లలు బహుమానము నందుకొని మరలినారు. వారి కథ 2007లో ‘వార్ డాన్స్’ అను చిత్రముగా వెలువడినది.

బహుమానముకంటె మాకు ఆ వలయము ముఖ్యముగా తోచినది. యుద్ధము బాలుని మూడు విధముల చెఱచును. వాని ఊపిరిని భయమునకు వశము చేయును. ఆకు కదలినను గుండె అదరును. వాని మాటను హరించును. కన్నదానిని చెప్పలేడు, చెప్పక యుండలేడు. మూడవది అన్నింటికంటె క్రూరమైనది. అది వానిని తనవారినుండి వేఱుచేయును. బలవంతముచేతనైనను ఆయుధము పట్టినవానిని ఊరివారు సందేహముతో జూతురు. వాడును తన్ను దోషిగా నెంచుకొనును. మొదటి దానికి తాళము మందు; లయ కుదిరినకొలది శ్వాస కుదురును. రెండవ దానికి గీతము మందు. తన నోట రాని శోకము పెద్దల పాటలో పలుకును. మూడవ దానికి వలయము మందు. అందు వానికొక చోటున్నది, వాడు లేనిచో ఆ చోటు వెలితియే.

అచోలీలలో వేఱొక ఆచారము గలదు. చిరకాలము దూరమై తిరిగివచ్చినవాడు ఇల్లు చొచ్చుటకు ముందు కోడిగ్రుడ్డును పాదముతో త్రొక్కవలెను. దానితో బయటి దోషము తొలగి వాడు మరల తమవాడగునని వారి నమ్మకము. చెఱనుండి వచ్చిన పిల్లలకును ఈ విధిని జరిపించిరి. దోషియని తలచబడినవానిని మరల పంక్తిలో చేర్చుకొనుటయే గదా మన ప్రాయశ్చిత్తవిధుల ఆంతర్యమును!

మేము పాఠశాలలో నున్న దినములలో మా సహాధ్యాయి యొకడు తల్లిని గోల్పోయి, కర్మానంతరము తిరిగి వచ్చెను. పలుకరించినను పలుకడు. గురువుగారు వానిని ఏమియు అడుగక యథాప్రకారము సంతలో కూర్చుండబెట్టిరి. వారు ఒకమాఱు చెప్పగా మేము రెండుమాఱులు చెప్పవలెను. మూడునాళ్ళు వాని పెదవి కదలలేదు. నాలుగవనాడు మా స్వరములలో వాని స్వరము వినబడినది. పనస ముగియువఱకు ఏడ్చుచునే చెప్పెను. గురువుగారు సంతను ఆపలేదు. ఆనాడు అది కాఠిన్యమనుకొంటిమి. అది దయ యని తెలియుటకు మాకు చాల యేండ్లు పట్టినది.

శోకము నశించునని మేము చెప్పము. పోయిన తండ్రి పాటకు తిరిగి రాడు. విశ్రాంతి యనగా బరువు తీఱుట కాదు; బరువును క్షణకాలము దించి, మరల మోయుటకు బలము పుంజుకొనుట. మహర్షి ఆ పదమునే వాడుట గమనింపదగినది.

గాండీవము ధరించిన చేతులే విరాటనగరమున ఉత్తరకు నృత్యము నేర్పినవి. కావున ఆయుధము పట్టిన చేయి కళకు తగదని ఎవ్వరును అనరాదు. మీ భజనమందిరమునకు దుఃఖము చవిచూచిన బిడ్డ యెవ్వడైన వచ్చినచో గ్రుచ్చి గ్రుచ్చి అడుగకుడు. తాళముల జంటను చేతికిచ్చి ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. వాడు వాయించువఱకు వేచియుండుడు. అదియే నటరాజస్వామికి మన మొనర్పగల అర్చన.

స్వస్తి.