దామరచర్ల: మన ఊరు, మన నీరు



దామరచర్లను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని పెద్దలు మమ్మును కోరినారు. ఈ నేల చరిత్ర నీటి చరిత్రయే అని మేము తలంచుచున్నాము.

అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ హైదరాబాదు మీదుగా వచ్చి, మన మండలములోని వాడపల్లి వద్ద కృష్ణలో కలియుచున్నది. ఆ ఒడ్డున అగస్త్యేశ్వర, లక్ష్మీనరసింహ ఆలయములు ప్రాచీనమైనవి. ఆవలి ఒడ్డు పలనాడు. అయితే నది ప్రక్కనే పారినను మెట్టచేను తడవలేదు. నది పల్లమున, చేను మిట్టన! రైతు ఆకాశమువైపే చూచెను.

1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగరుకు పునాదిరాయి వేసిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు విడిచిరి. ఎడమ కాలువ మిర్యాలగూడ ప్రాంతమును వరి మాగాణిగా మార్చినది. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరొందినది. జొన్న గటక తిన్న ఇంట వరి అన్నము ఉడికినది.

2015 జూన్ 8న వీర్లపాలెములో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రమునకు శంకుస్థాపన జరిగినది. నేల మరల మారుచున్నది. మూసీయో, నగరపు మురుగును మోసికొని మన యొద్దకు వచ్చుచున్నది.

ఆనకట్ట తేదీలు పుస్తకములలో ఉన్నవి. మన తాత దున్నిన చేను పేరు, అవ్వ నీళ్లు తోడిన బావి పేరు ఎక్కడ ఉన్నవి? పెద్దల జ్ఞాపకములోనే. వారు కన్నుమూసిన పిదప ఎవరినడుగుదుము? కావున యువకులారా, ఈ ఆదివారమే ఒక నోటుపుస్తకము తీసికొని వారి ప్రక్కన కూర్చుండుడి. మేమును కూర్చుందుము.